మూడో తరగతి పిల్లలకు ఇంగ్లీష్ మాటల అర్థం ఎట్లా చెప్తున్నారు?

నర్సంపేట టీచర్ – ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను నర్సంపేట దగ్గర ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తాను. మూడో తరగతిలో పంతొమ్మిది మంది పిల్లలు. మొన్న శుక్రవారం జరిగింది ముందు రాస్తాను, తర్వాత నా ప్రశ్న అడుగుతాను.

పాఠంలో ‘బ్రేవ్’ అనే మాట వచ్చింది. అర్థం ఎవరు చెప్తారు అంటే ముందు వరసలో కూర్చునే పాప లేచి గుక్క తిప్పుకోకుండా ‘హావింగ్ ఆర్ షోయింగ్ కరేజ్’ అంది. వాళ్ల అక్క డిక్షనరీ చూసి రాసిచ్చిందట. బాగా చెప్పావమ్మా అని, ‘మరి కరేజ్ అంటే?’ అన్నాను. దానికీ జవాబు సిద్ధంగా ఉంది: ‘ది ఎబిలిటీ టు కంట్రోల్ ఫియర్.’ ‘ఎబిలిటీ అంటే?’ అన్నాను. పాప మొహం చిన్నబోయింది. అంతలో వెనక నుంచి ఒక బాబు ‘ధైర్యం టీచర్’ అన్నాడు. ‘ఓ, ధైర్యమా!’ అంది పాప. రెండు రోజులు కూర్చుని బట్టీ పట్టిన వాక్యం ధైర్యం గురించి అని ఆ పాపకు అప్పుడే తెలిసింది.

సరే, ఆ ధైర్యం అంటే ఏంటో చిన్న చిన్న ఇంగ్లీష్ మాటల్లో చెప్పండి అన్నాను. ఎవరూ చెప్పలేదు. నిజానికి ఆ నిమిషంలో నాకూ తట్టలేదు.

2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్. అది చాలా మేలే చేసింది. కానీ పిల్లలు తెలుగు పేజీ చదివి కథ తెలుసుకుంటారు, ఇంగ్లీష్ పేజీని ఒప్పజెప్తారు. రెండు పేజీల మధ్య ఒక చిన్న తొవ్వ కావాలి. అందుకని దసరా సెలవుల లోపు రెండు వందల మాటలకు, పిల్లలకు అందే అర్థాలు రాసి గోడకు పెడదామనుకుంటున్నాను. పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపు రాస్తున్నాను. ఇప్పటికి అయినవి కొన్ని:

హంగ్రీ – యు వాంట్ టు ఈట్.
ఎంప్టీ – నథింగ్ ఈజ్ ఇన్ ఇట్.
నైబర్ – ఎ పర్సన్ హూ లివ్స్ నియర్ యువర్ హౌస్.

‘బారో’ దగ్గర, ‘బ్రేవ్’ దగ్గర ఆగిపోయాను. మీరు ఎట్లా చెప్తున్నారో రాయండి. టీచర్లే కాదు, అమ్మానాన్నలు కూడా.

సిరిసిల్ల నాన్న – ఆదివారం, రాత్రి 10:25

నమస్తే టీచర్. నేను సిరిసిల్లలో సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు నడుపుతాను. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను. మా పాప ప్రైవేటు బడిలో నాలుగో తరగతి. రోజుకు పది మాటలు ‘మీనింగ్స్’ నోట్‌బుక్‌లో రాసుకొని బట్టీ పట్టాలి.

పోయిన వారం ‘థ్రెడ్’ వచ్చింది. గైడులో ‘ఎ లాంగ్ థిన్ స్ట్రాండ్ ఆఫ్ కాటన్’ అని ఉంది. ‘నాన్నా, స్ట్రాండ్ అంటే ఏంది?’ అంది. నాకు తెలియలేదు. తెల్లారి షెడ్డుకు తీసుకుపోయాను. సాంచె ఆపి ఒక పోగు తెంపి చేతిలో పెట్టాను. ఇదే థ్రెడ్ బిడ్డా అన్నాను. పొడుగ్గా పోయేది పడుగు, అడ్డంగా ఉరికేది పేక, రెండూ కలిస్తే బట్ట అని చూపించాను. ఇంటికి వచ్చి తనే రాసుకుంది: ‘థ్రెడ్ ఈజ్ వెరీ థిన్. మెనీ థ్రెడ్స్ మేక్ క్లాత్. మై ఫాదర్ మేక్స్ క్లాత్.’

ఆ పేజీని ఎర్ర పెన్నుతో కొట్టేసి, గైడులోది మూడుసార్లు రాసుకు రమ్మన్నారు. పాప రాత్రి అన్నం సరిగా తినలేదు. నాకు ఎవరితోనూ గొడవ పెట్టుకోవాలని లేదు. ఒక్కటే అడుగుతున్నాను, మా పాప రాసింది తప్పా?

జనగామ సార్ – సోమవారం, పొద్దున 6:15

తప్పు కాదు తమ్ముడూ. ముప్పై మూడేళ్లు బళ్లో పాఠం చెప్పినవాడిగా అంటున్నాను, గైడులో ఉన్నదానికంటే మీ పాప రాసిందే మంచి అర్థం. వస్తువు ఎట్లా ఉంటుందో చెప్పింది, దాంతో ఏమవుతుందో చెప్పింది. తొమ్మిదేళ్ల పిల్ల అంతకంటే ఏం చెప్పాలి? ఆ పేజీ చింపకండి, దాచిపెట్టండి.

టీచరమ్మా, మీకు ఎదురైన చిక్కు చాలా పాతది. మైకేల్ వెస్ట్ అని ఒక ఇంగ్లీష్ ఆయన మన దేశం విడిపోకముందు ఢాకాలో టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో పనిచేశాడు. బెంగాలీ పిల్లలు ఇంగ్లీష్ చదవడానికి పడే తిప్పలు దగ్గర నుంచి చూసిన మనిషి. తెలియని మాటకు అర్థం వెతికితే ఇంకో రెండు తెలియని మాటలు ఎదురవుతాయి, ఇదే అసలు రోగం అని పట్టుకున్నాడు. 1935లో ఒక డిక్షనరీ తెచ్చాడు. అందులో 24,000 మాటలకు, పలుకుబళ్లకు అర్థాలు ఉన్నాయి. ఆ అర్థాలన్నీ రాయడానికి వాడుకున్నవి 1,490 మాటలే. ఆ గీత దాటలేదు. 1978లో వచ్చిన లాంగ్‌మన్ విద్యార్థుల డిక్షనరీ కూడా సుమారు 2,000 మాటలతోనే అర్థాలన్నీ చెప్పింది.

అంటే మీ దగ్గర ముందు ఒక సంచి ఉండాలి. మీ పిల్లలకు నిద్రలో లేపి అడిగినా తెలిసే మాటలు ఆ సంచిలో వేసుకోండి. గో, కమ్, ఈట్, గివ్, బిగ్, హౌస్, వాటర్, రోడ్, మదర్, వాంట్ ఇట్లాంటివి. మూడో తరగతికి మూడు నాలుగు వందలు ఉంటాయనుకుంటాను. అర్థం రాసేటప్పుడు ఆ సంచిలో చేయి పెట్టి దొరికిన వాటితోనే రాయాలి. ‘ఎబిలిటీ’ మీ సంచిలో లేదు, కాబట్టి అది వద్దు. ‘ఎంప్టీ’కి మీరు రాసింది అచ్చం ఆ పద్ధతే.

ఇంకొకటి చూసుకోండి. ‘లార్జ్ అంటే బిగ్, బిగ్ అంటే లార్జ్’ అని గైడుల్లో ఉంటుంది. పిల్లవాడు గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాడు.

హన్మకొండ అమ్మ – సోమవారం, పొద్దున 10:50

నా అభిప్రాయం వేరే. అందరూ కోప్పడొద్దు.

వెనక కూర్చున్న ఆ బాబు ‘ధైర్యం’ అన్నాడు, పాపకు తెలిసిపోయింది. అక్కడితో పని అయిపోయింది కదా? ఇంగ్లీష్ మాటకు మళ్లీ ఇంగ్లీష్‌లో అర్థం చెప్పడం ఎందుకు? మా బాబు రెండో తరగతి. ప్రతి మాటకు పక్కన తెలుగు మాట రాసిస్తాను. బ్రిడ్జ్ అంటే వంతెన, ఫారెస్ట్ అంటే అడవి. టక్కున గుర్తుంటుంది. ఇంగ్లీష్‌లోనే చెప్పాలి అనే పంతం వల్లే పిల్లలకు టెన్షన్ ఎక్కువవుతోంది. తెలుగు మాట చెప్పడం చిన్నతనం అన్నట్టు కొన్ని బళ్లలో చూస్తున్నారు. నాకు అది బాధ.

జనగామ సార్ – సోమవారం, పొద్దున 11:30

కోపం ఎందుకమ్మా, మీరు చెప్పినదాంట్లో సగం నేను ఒప్పుకుంటాను. తెలుగు మాట చెప్పకూడదు అనే బడి ఏదైనా ఉంటే అది తప్పే చేస్తోంది. ఫారెస్ట్ అంటే అడవి అని చెప్పి ముందుకు పోవాలి. దానికి ఇంగ్లీష్‌లో నాలుగు వాక్యాలు అక్కర్లేదు.

కానీ అన్ని మాటలూ అట్లా కుదరవు. రేపు మీ బాబు ‘షై’ అంటే ఏంటి అని అడుగుతాడు, సిగ్గు అంటారు. ఎల్లుండి ‘అషేమ్డ్’ అంటే ఏంటి అంటాడు, అదీ సిగ్గే. చుట్టాల ముందు పాట పాడమంటే అమ్మ కొంగు వెనక దాక్కునే సిగ్గు ఒకటి, దొంగతనం చేసి దొరికితే తల దించుకునే సిగ్గు ఇంకొకటి. ఇంగ్లీష్‌వాళ్లు రెంటికీ రెండు మాటలు పెట్టుకున్నారు. అప్పుడు ఏం చేస్తారు?

కరీంనగర్ డిగ్రీ – సోమవారం, మధ్యాహ్నం 1:05

సార్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా తమ్ముడు నాలుగో తరగతి, నేనే చదివిస్తాను. వాడితో కూర్చున్నాకే నాకు ఈ సంగతి తెలిసింది. మనం ఒకే మాట వాడే చోట ఇంగ్లీష్‌కు మూడు ఉంటాయి. చూడు అంటే సీ, లుక్, వాచ్. విను అంటే హియర్, లిజెన్. వేలు అంటే చేతికైతే ఫింగర్, కాలికైతే టో.

తిరగేసి చూస్తే వాళ్లు ఒకే మాట వాడే చోట మనకు నాలుగు. మా అమ్మ చీర కట్టుకుంటుంది, గాజులు వేసుకుంటుంది, పూలు పెట్టుకుంటుంది, చెప్పులు తొడుక్కుంటుంది. ఇవన్నీ ‘వేర్’ అంటే మా తమ్ముడు నమ్మలేదు. ‘పూలు కూడా వేరేనా?’ అని మళ్లీ మళ్లీ అడిగాడు. చివరికి ఇట్లా రాసుకున్నాం: ‘యు పుట్ ఇట్ ఆన్ యువర్ బాడీ అండ్ ఇట్ స్టేస్ దేర్.’ పక్కన అమ్మ బొమ్మ గీసి చీర, గాజులు, పూలు, చెప్పులు అన్నిటికీ బాణాలు పెట్టాడు.

టీచర్ గారూ, మీ ‘బారో’ గురించి. మన దగ్గర బదులు తీసుకున్నా, బదులు ఇచ్చినా మాట ఒక్కటే, బదులు. అందుకే పిల్లలు ‘బారో మి ఎ పెన్’ అంటారు. ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి ఒక రబ్బరు ఇప్పించండి. తీసుకున్నవాడు ‘ఐ టేక్ ఇట్. ఐ విల్ గివ్ ఇట్ బ్యాక్. ఐ బారో’ అనాలి. ఇచ్చినవాడు ‘ఐ గివ్ ఇట్. ఐ విల్ గెట్ ఇట్ బ్యాక్. ఐ లెండ్’ అనాలి. ఆ ‘బ్యాక్’ అనే మాట మాత్రం వదలొద్దు. తిరిగి ఇవ్వకపోతే అది బారో కాదు, ఊరికే టేక్.

హన్మకొండ అమ్మ – సోమవారం, మధ్యాహ్నం 1:40

సిగ్గు సంగతి నేను ఆలోచించలేదు సార్. సాయంత్రం బాబుతో ‘షై’, ‘అషేమ్డ్’ రెండూ చేసి చూస్తాను.

ఉట్నూరు టీచర్ – సోమవారం, రాత్రి 8:20

నా బడి ఉట్నూరు దగ్గర గోండు గూడెంలో. ఇక్కడ పిల్లలు ఇంట్లో గోండి మాట్లాడతారు. బడికి వచ్చాకే తెలుగు, దాని మీద ఇంగ్లీష్. కాబట్టి ‘తెలుగు మాట చెప్తే చాలు’ అనే మాట నా క్లాసులో చెల్లదు. ఒకటో తరగతి పాపకు ‘వంతెన’ ఎంత కొత్తదో ‘బ్రిడ్జ్’ అంతే కొత్తది.

ఒకరోజు జరిగింది చెప్తాను. గ్లాసు చూపించి ‘వాటర్’ అన్నాను. ఒక చిన్న పాప ‘ఏర్’ అంది. నేను కొత్తగా వచ్చిన రోజులు. తెలుగులో ఏరు అంటే వాగు కదా, పాప తప్పు చెప్పిందనుకొని ‘కాదమ్మా, ఏరు బయట పారేది, ఇది నీళ్లు’ అని దిద్దాను. పాప మళ్లీ నోరు తెరవలేదు. మధ్యాహ్నం వంట చేసే అక్క చెప్పింది, గోండిలో నీళ్లను ఏర్ అనే అంటారని. పాప సరిగ్గానే చెప్పింది. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పాపను పక్కన కూర్చోబెట్టుకొని గ్లాసు మీద మూడు చీటీలు అంటించాం. ఏర్, నీళ్లు, వాటర్. ఆ చీటీలు ఇప్పటికీ మా కుండ మీద ఉన్నాయి.

అప్పటి నుంచి నేను అర్థం చెప్పే ముందు పిల్లల్ని అడుగుతాను, మీ ఇంట్లో దీన్ని ఏమంటారు అని. తర్వాత చేసి చూపిస్తాను. తర్వాతే ఇంగ్లీష్ వాక్యం. ‘హెవీ’ అంటే నీళ్లు నింపిన బకెట్ ఎత్తించాలి, ‘లైట్’ అంటే ఖాళీ బకెట్. చేతికి తెలిసిన తర్వాత నోటికి రావడం సులువు.

డోర్నకల్ అన్న – సోమవారం, రాత్రి 9:00

అక్కా, మా తండాలో కూడా ఇదే. ఇంట్లో లంబాడీ, జొన్నరొట్టెను మేం బాటి అంటాం. ‘బ్రెడ్’ పాఠం చెప్పినప్పుడు మా బాబు ‘బాటి’ అన్నాడట. టీచర్ మెచ్చుకొని బోర్డు మీద రాశారట. ఆ రోజంతా ఇంట్లో అదే ముచ్చట.

నర్సంపేట టీచర్ – మంగళవారం, రాత్రి 9:15

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఈరోజు రబ్బరు ఆట ఆడించాను. ‘బారో’, ‘లెండ్’ రెండూ ఒక్క పీరియడ్‌లో అయిపోయాయి. సాయంత్రం గేటు దగ్గర ఒక బాబు ఇంకొకడితో ‘గివ్ బ్యాక్ రా, నువ్వు బారో చేసినవ్’ అంటున్నాడు.

మధ్యలో ఇంకో చిక్కు వచ్చింది. ‘రైస్’. ఊళ్లో కోతలు దగ్గరపడుతున్నాయి, పిల్లల నోట్లో ఎప్పుడూ వడ్ల ముచ్చటే. ‘టీచర్, వడ్లు రైసా, బియ్యం రైసా, అన్నం రైసా?’ అని అడిగారు. మధ్యాహ్న భోజనం వండే చోటు నుంచి బియ్యం, అన్నం తెప్పించాను. ఒక పాప ఇంటికి ఉరికి గుప్పెడు వడ్లు తెచ్చింది. మూడు గిన్నెలు వరసగా పెట్టాం. బియ్యం, అన్నం రెండూ రైసే, పొట్టుతో ఉన్న వడ్లకు ‘పాడీ’ అనే మాట కూడా ఉంది అని చెప్పాను. పిల్లలు రాసింది ఇది: ‘పాడీ హాజ్ ఎ కోట్. టేక్ ద కోట్ ఆఫ్, ఇట్ ఈజ్ రైస్.’ కోటు అనే మాట వాళ్లదే. నేను చెప్పలేదు.

జనగామ సార్ – మంగళవారం, రాత్రి 9:50

కోటు! ఏ డిక్షనరీలోనూ ఇంత చక్కగా దొరకదు. ‘పాడీ’ అనే మాట ఇంగ్లీష్‌కు మలయ్ భాష నుంచి పోయింది. వరి పండే దేశం వాళ్లే ఆ మాట ఇచ్చారు. పిల్లలకు ఇది చెప్పండి. ఇంగ్లీష్ అంటే ఎక్కడో ఆకాశం నుంచి ఊడిపడింది కాదని తెలుస్తుంది.

పాలంపేట పక్కోడు – బుధవారం, మధ్యాహ్నం 12:30

నేను టీచర్ని కాను. రామప్ప గుడి దగ్గర ఊరు మాది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి బయటివాళ్లు ఎక్కువగా వస్తున్నారు. మా ఊరి పిల్లలు వాళ్లతో ఇంగ్లీష్ ముక్కలు మాట్లాడాలని సరదాపడతారు. 1213లో కట్టిన గుడి, పక్కనే రామప్ప చెరువు. ఒకరోజు ఒక పిల్లవాడు నన్ను అడిగాడు: ‘అన్నా, చెరువును లేక్ అనాల్నా, పాండ్ అనాల్నా, ట్యాంక్ అనాల్నా?’

నేను ట్యాంక్ అన్నాను. పిల్లవాడు ఇంటి మీద నల్ల సింటెక్స్ డబ్బా చూపించి ‘అది కదా ట్యాంక్’ అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఎవరైనా వివరంగా చెప్తారా?

కరీంనగర్ డిగ్రీ – బుధవారం, మధ్యాహ్నం 2:10

అన్నా, ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. కట్ట కట్టి వాన నీళ్లు ఆపిన చెరువును మన దేశంలో ఇంగ్లీష్‌లో ట్యాంక్ అనే రాస్తారు. హైదరాబాద్‌లో ట్యాంక్ బండ్ అంటాం కదా, దాని అర్థం చెరువు కట్టే. ఇన్నేళ్లు ట్యాంక్ బండ్ అంటూ నేను కూడా ఆ మాటను విడదీసి చూడలేదు.

పిల్లలకైతే నేను ఇట్లా చెప్తాను. పాండ్ అంటే కుంట: ‘స్మాల్ వాటర్. యు కెన్ వాక్ అరౌండ్ ఇట్ సూన్.’ లేక్ అంటే పెద్దది: ‘బిగ్ వాటర్ విత్ ల్యాండ్ ఆన్ ఆల్ సైడ్స్.’ ట్యాంక్ అంటే ‘పీపుల్ మేడ్ ఇట్ టు కీప్ వాటర్.’ ఈ చివరిది చెరువుకూ సరిపోతుంది, ఇంటి మీద నల్ల డబ్బాకూ సరిపోతుంది. పిల్లవాడికి అదే చెప్పండి.

జనగామ సార్ – బుధవారం, సాయంత్రం 5:40

బాగుంది తల్లీ. దానికి ఒక మాట కలుపుతాను. మన ఓరుగల్లు వైపు పిల్లలకు చెరువు గురించి తెలిసినంత పట్నం పిల్లలకు తెలియదు. కట్ట, తూము, మత్తడి, శిఖం అన్నీ కళ్లతో చూసినవే. ‘ఓవర్‌ఫ్లో’ అనే మాటకు గైడులో ఏం రాస్తారో చూడండి, ఆరు మాటలుంటే నాలుగు పిల్లలకు తెలియవు. నేను ఒక్క మాట అడిగేవాణ్ణి: ‘మత్తడి దుంకింది, చూశార్రా?’ క్లాసంతా చేతులెత్తేది. అదే ఓవర్‌ఫ్లో. ‘ద చెరువు ఈజ్ ఫుల్. మోర్ వాటర్ కమ్స్. ఇట్ గోస్ ఔట్.’ చెరువు అనే మాటను అట్లాగే ఉంచాను. మూడో తరగతి వాక్యంలో ఒక తెలుగు మాట ఉంటే ఏ నష్టమూ లేదు.

ఉట్నూరు టీచర్ – బుధవారం, రాత్రి 8:05

సార్, మరి చూడని వాటి సంగతి? ‘స్నో’ ఎట్లా చెప్పాలి? మా దగ్గర చలి గట్టిగానే ఉంటుంది, కానీ మంచు కురవడం ఎవరూ చూడలేదు. పొద్దున పొగమంచు చూసి దాన్నే స్నో అనుకుంటున్నారు.

హన్మకొండ అమ్మ – బుధవారం, రాత్రి 8:45

ఇది నేను చెప్తాను టీచర్ గారూ, ఎందుకంటే మా బాబుతో నిన్ననే చేశాను. ముందు రాళ్లవాన గుర్తుచేశాను. ఆకాశం నుంచి గడ్డకట్టిన నీళ్లు పడతాయని వాడికి తెలుసు, పోయిన ఎండాకాలం ఏరుకొని తిన్నాడు. తర్వాత మా ఫ్రిజ్‌లో పైన గోడలకు పేరుకున్న తెల్లటి పొడి గీకి వాడి అరచేతిలో పెట్టాను. ‘రాళ్లలాగా కాకుండా ఇట్లా మెత్తగా, దూదిలాగా ఆకాశం నుంచి పడితే స్నో’ అన్నాను. వాడు చెప్పిన వాక్యం: ‘ఐస్ లైక్ కాటన్. ఇట్ కమ్స్ ఫ్రమ్ ద స్కై.’ మన వైపు పత్తి చూడని పిల్లలు ఉండరు కదా, మీ దగ్గర కూడా పనికొస్తుంది.

నేను మొదట్లో తెలుగు మాట చాలన్నాను. ‘మంచు’ అని చెప్పి వదిలేసి ఉంటే వాడు కూడా పొగమంచే అనుకునేవాడు.

డోర్నకల్ అన్న – బుధవారం, రాత్రి 9:30

ఫోన్‌లో వెతికితే వచ్చే అర్థాలతో జాగ్రత్త. మా బాబు ‘ఐ యామ్ వెల్’ అనే వాక్యంలో ‘వెల్’ వెతికితే ‘బావి’ అని వచ్చింది. ‘నేను బావిని’ అని రాసుకున్నాడు. ఒక్క మాటను విడిగా వెతకనీయకండి, వాక్యంతో పాటు చూడాలి.

నర్సంపేట టీచర్ – మరుసటి ఆదివారం, సాయంత్రం 6:20

ఈ వారం పనిని పిల్లలకే అప్పజెప్పాను. ఎట్లా అంటే, నలుగురైదుగురు కలిసి ఒక మాట తీసుకుంటారు. ముందు తెలుగులో మాట్లాడుకుంటారు. తర్వాత జనగామ సార్ చెప్పిన సంచిలోని మాటలతో వాక్యం కడతారు. అసలు పరీక్ష ఆ తర్వాత ఉంటుంది. పక్క గదిలోని రెండో తరగతి పిల్లలకు ఆ వాక్యం చదివి వినిపించాలి, మాట మాత్రం చెప్పకూడదు. వాళ్లు ఏ మాటో కనుక్కుంటే ఆ అర్థం గోడకు ఎక్కుతుంది. కనుక్కోలేకపోతే మళ్లీ రాయాలి.

‘బ్రిడ్జ్’ దగ్గర అరగంట పట్టింది, అది మీకు చెప్పి తీరాలి. మొదట ‘ఎ రోడ్ ఓవర్ వాటర్’ అని రాశారు. నాకు నచ్చింది, ఎక్కించేద్దాం అన్నాను. రెండో తరగతిలో ఒక బాబు ఒప్పుకోలేదు. వాళ్ల మేనమామ కాజీపేటలో ఉంటాడు. ‘కాజీపేట బ్రిడ్జి కింద నీళ్లు లేవు, రైళ్లు పోతయ్’ అన్నాడు. మావాళ్లు వెనక్కి వచ్చి ‘ఎ రోడ్ ఓవర్ వాటర్ ఆర్ ట్రైన్’ అని మార్చారు. ఇంకో పాప లేచి ‘హన్మకొండ పోతుంటే రోడ్డు మీద రోడ్డు ఉన్నది చూసిన’ అంది. మళ్లీ కొట్టేశారు. చివరికి ‘ఎ రోడ్ దట్ గోస్ ఓవర్ సమ్‌థింగ్’. ‘సమ్‌థింగ్’ అనే మాట ఆ రోజు వాళ్లకు నిజంగా అవసరమై నేర్చుకున్నారు. నేను పది రోజులు చెప్పినా అంత గట్టిగా నాటుకునేది కాదు.

‘బతుకమ్మ’ గురించి కూడా గొడవైంది. ‘వి ప్లే బతుకమ్మ’ అని రాస్తే ఒకరు అది ఆట కాదు, పండుగ అన్నారు. మనం బతుకమ్మ ఆడతాం అనే అంటాం కాబట్టి ‘ప్లే’ను ఉంచేశాను. బయటివాళ్లకు తెలియాలని కింద ఇంకో వాక్యం కలిపాం: ‘వి పుట్ ఫ్లవర్స్ హై, వి సింగ్ అండ్ గో రౌండ్ దెమ్.’ తంగేడు, గునుగు పేర్లు ఇంగ్లీష్‌లో ఏంటని అడిగారు. ఆ రెంటినీ అట్లాగే రాయమన్నాను.

ఇక ‘బ్రేవ్’. ముందు వరస పాపకే ఇచ్చాను. రెండు రోజులు రాయలేదు. మూడో రోజు చీటీ తెచ్చింది: ‘ఇట్ ఈజ్ డార్క్. అవర్ కాఫ్ ఈజ్ నాట్ ఇన్ ద హౌస్. ఐ యామ్ అఫ్రెయిడ్. ఐ గో అండ్ బ్రింగ్ ఇట్.’ దూడ నిజంగానే తప్పిపోయిందట, నాయనమ్మతో టార్చి పట్టుకొని పోయిందట. రెండో తరగతి పిల్లలకు చదివి వినిపించింది. ‘కాఫ్’ దగ్గర ఆగారు, తను నాలుగు కాళ్ల మీద నిలబడి ‘అంబా’ అంది. వెంటనే ముగ్గురు ఒకేసారి ‘బ్రేవ్!’ అన్నారు.

సిరిసిల్ల నాన్న – ఆదివారం, రాత్రి 8:50

టీచర్, చదువుతుంటే మనసు నిండింది. మీరంతా చెప్పినవి మా పాపకు చదివి వినిపించాను. తను రాసింది తప్పు కాదని జనగామ సార్ అన్న మాట రెండుసార్లు చదివించుకుంది. బళ్లో క్లాస్ టీచర్‌ను కలిశాను. గైడులోది పరీక్షకు రాయాలి, పాప సొంతంగా రాసుకున్నది వెనక పేజీల్లో ఉంచుకోవచ్చు అన్నారు. ప్రస్తుతానికి అది చాలు.

వెనక పేజీల్లో ఇప్పటికి పదకొండు మాటలయ్యాయి. ఈరోజు ‘నాట్’, అంటే ముడి, రాసింది. ‘ద థ్రెడ్ బ్రేక్స్. ఫాదర్ పుట్స్ టూ ఎండ్స్ టుగెదర్ విత్ హిజ్ ఫింగర్స్. నౌ ఇట్ ఈజ్ వన్.’ ముడి వేయడం తనకూ నేర్పమంది. మూడుసార్లు జారిపోయింది, నాలుగోసారి పడింది.

రేపటి మాటల్లో ‘ఆల్మోస్ట్’ ఉంది. చేతికి ఇచ్చి చూపించేది కాదు. ఎవరి దగ్గరైనా ఉంటే రాయండి.

ఉట్నూరు టీచర్ – ఆదివారం, రాత్రి 9:25

గ్లాసులో అంచు దాకా నీళ్లు పొయ్యమనండి. ఒక వేలు మందం మిగిలినప్పుడు ఆపి, ‘ఫుల్?’ అని అడగండి. ‘నో’ అంటుంది. ‘ఎంప్టీ?’ అనండి. అదీ ‘నో’ అంటుంది. అప్పుడు ‘ఆల్మోస్ట్ ఫుల్’ అనండి. వాక్యం తననే కట్టనివ్వండి, ఏం రాసిందో ఇక్కడ పెట్టండి. మా గోడకు కూడా కావాలి.